రిపోర్టులన్నీ నార్మల్, ఒళ్ళు మాత్రం బాలేదు: ఇప్పుడేం చెయ్యాలి

ఈసీజీ నార్మల్, 2డీ ఎకో నార్మల్, ఎండోస్కోపీలో కొంచెం గ్యాస్ట్రైటిస్, అంటే కడుపు లోపలి పొర వాపు, అన్నారు అంతే. ఫైల్ మాత్రం ఫ్లాట్ రిజిస్ట్రేషన్ కాగితాలంత లావైంది. గుండె దడ తగ్గలేదు, మెడ పట్టేస్తూనే ఉంది, రాత్రి మూడింటికి మెలకువ వస్తే మళ్ళీ నిద్ర పట్టదు. చివర్లో డాక్టర్ గారు "ఏం లేదండీ, టెన్షన్ తగ్గించుకోండి" అని చీటీ చేతిలో పెట్టి తర్వాతి పేషెంట్‌ని పిలిచేస్తారు. టెన్షన్ ఎలా తగ్గించుకోవాలో, అసలు టెన్షన్‌కీ కడుపుకీ ఏంటి సంబంధమో చెప్పేంత టైమ్ ఆ ఓపీలో ఎవరికీ ఉండదు. హైదరాబాద్‌లో ఇక్కడే ఆగిపోయినవాళ్ళు మస్తు మంది ఉన్నారు. కొందరు ఇంకో కార్పొరేట్ హాస్పిటల్‌కి పోయి అవే టెస్టులు మళ్ళీ చేయించుకుంటారు, కొందరు ఇక మన బతుకింతే అని పొద్దున్నే పరగడుపున గ్యాస్ టాబ్లెట్ వేసుకుంటూ ఏళ్ళు గడిపేస్తారు. ఇంకో దారి ఉంది, కొంచెం ఓపిక కావాలి అంతే, అది రాస్తున్నా.

రిపోర్ట్ నార్మల్ వచ్చిందంటే నొప్పి అబద్ధమని అర్థం కాదు, ఇది ముందు ఇంట్లోవాళ్ళ బుర్రకెక్కాలి. ఆ టెస్టులు గుండెలో బ్లాక్ ఉందా, కడుపులో పుండు ఉందా అని వెతికాయి, లేవని చెప్పాయి, వాటి పని అంతవరకే. ఏదో ప్రమాదం ఉందని మెదడు అనుకుంటే చాలు, నిజంగా ఉందా లేదా అన్నది తర్వాత సంగతి, కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథులకి కబురు వెళ్ళిపోతది, అడ్రినలిన్ వస్తది, కాసేపటికి కార్టిసాల్ వస్తది, గుండె స్పీడ్ పెరుగుతది, రక్తం అరుగుదల పని తగ్గించి కండరాల వైపు పోతది, మెడా భుజాలూ దవడా బిగుసుకుంటాయి. ఊపిరి గబగబా తీసుకుంటాం కాబట్టి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్ళల్లో, మూతి చుట్టూ తిమ్మిర్లు, తల తేలిపోయినట్టు. ఇందులో ఊహ ఏమీ లేదు, అన్నీ ఒంట్లో నిజంగా జరిగేవే. పేగులకైతే సొంతంగా ఒక పెద్ద నరాల అల్లిక ఉంది, అది వేగస్ నరం ద్వారా మెదడుతో రెండు వైపులా మాట్లాడుతూనే ఉంటది, అందుకే ఇంటర్వ్యూ పొద్దున బాత్రూమ్‌కి నాలుగుసార్లు. మూడ్‌తో సంబంధం ఉన్న సెరటోనిన్ అనే రసాయనం ఉంది, ఒంట్లో ఉండేదాంట్లో దాదాపు 90 శాతం పేగుల్లోనే తయారవుతది. అలాగని రోజూ పెరుగు తింటే డిప్రెషన్ పోతదని వాట్సాప్‌లో తిరిగేది పట్టుకోకండి, పేగుల్లో తయారైన సెరటోనిన్ నేరుగా మెదడులోకి వెళ్ళదు, పెరుగు మామూలుగా మంచిదే, తినండి.

అసలు చిక్కేంటంటే ఈ ఏర్పాటంతా కొన్ని నిమిషాల కోసం ఉన్నది. పాము కనపడింది, పరిగెత్తాం, అయిపోయింది. ఫ్లాట్ ఈఎంఐ, అర్ధరాత్రి క్లయింట్ కాల్, పిల్లాడి ఇంటర్ మార్కులు, ఊళ్ళో నాన్న ఆరోగ్యం, ఇవి నిమిషాల్లో అయిపోవు, నెలల తరబడి నడుస్తాయి, ఒళ్ళు కూడా అన్ని నెలలూ పరుగుకి రెడీగానే ఉంటది.

అన్నిటికీ టెన్షన్ అనేసే ముందు

ఇది చాలా ముఖ్యం, కింద రాసేదంతా దీని తర్వాతే. ఛాతీ మీద బరువు పెట్టినట్టు నొప్పి, చెమటలు, ఎడమ చేతికో దవడకో లాగడం, ఊపిరాడకపోవడం, ఇలా ఉంటే గ్యాస్ అని సోడా తాగి, వాము నమిలి పడుకోకండి, 108కి ఫోన్ చేసి దగ్గర్లో ఈసీజీ ఉన్న చోటికి వెంటనే వెళ్ళండి. మన ఇళ్ళల్లో గ్యాస్ అనుకునే చాలామంది టైమ్ పోగొట్టుకుంటారు. షుగర్ ఉన్నవాళ్ళకి, ఆడవాళ్ళకి నొప్పి అంత గట్టిగా లేకుండా నీరసం, వికారం, ఆయాసంతో కూడా గుండెపోటు రావచ్చు. పానిక్ అటాక్, అంటే ఉన్నట్టుండి ముంచుకొచ్చే భయం, అది కూడా అచ్చం ఇలాగే ఉంటది, కొన్ని నిమిషాల్లో పీక్‌కి వెళ్ళి మెల్లగా దిగుతది, కానీ మొదటిసారి వచ్చినప్పుడు ఇది పానికా గుండెపోటా అని ఇంట్లో కూర్చుని తేల్చే పని పెట్టుకోవద్దు, అది డాక్టర్ పని. అలాగే ఉత్తి పుణ్యానికి బరువు తగ్గిపోవడం, మలం నల్లగా రావడం, వదలని జ్వరం, ఒక పక్క చెయ్యీ కాలూ బలం తగ్గడం, యాభై దాటాక కొత్తగా మొదలైన తలనొప్పి, వీటికి టెన్షన్ అనే పేరు పెట్టకూడదు.

ఇక రక్త పరీక్షలు. డెబ్బై టెస్టులు ఒకే రేటుకి అని పండగ ఆఫర్ మెసేజ్‌లు వస్తాయి చూడండి, వాటి వల్ల నాకు తెలిసి ఎక్కువ జరిగేది కొత్త భయాలు పుట్టడమే, డెబ్బైలో ఏదో ఒకటి గీతకి అటూ ఇటూ వస్తది, దాంతో ఇంకో నెల గూగుల్ చేస్తూ కూర్చుంటాం. మనసు బాలేనట్టు అనిపించేలా చేసే ఒంటి జబ్బులు కొన్నే ఉన్నాయి, వాటికి సరిపడా చేయిస్తే చాలు. థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, రక్తం కోసం సీబీపీ, విటమిన్ బీ12, షుగర్ కోసం హెచ్‌బీఏ1సీ, ఒళ్ళు నొప్పులు ఎక్కువుంటే విటమిన్ డీ. థైరాయిడ్ తక్కువైతే నీరసం, బరువు పెరగడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం, చూస్తే డిప్రెషన్ లాగే ఉంటది. ఎక్కువైతే దడ, చేతులు వణకడం, చిరాకు, చూస్తే యాంగ్జైటీ లాగే ఉంటది. రక్తం తక్కువున్నా మెట్లెక్కితే దడే. సీబీపీ, థైరాయిడ్, షుగర్ లాంటివాటికి ప్రైవేట్ ల్యాబ్‌కే పోనక్కర్లేదు, 2018 నుంచి మన బస్తీల్లో బస్తీ దవాఖానాలనే సర్కారు క్లినిక్‌లు ఉన్నాయి, అక్కడ శాంపిల్ ఇస్తే సర్కారు ల్యాబ్‌కి పంపి ఫ్రీగా చేస్తారు.

బీ12 గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర ఇదొక గొలుసు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడతారు, అది బీ12 ఒంటికి పట్టడాన్ని తగ్గిస్తది. దాంతోపాటు డాక్టర్ ఎప్పుడో రెండు వారాలకి రాసిన గ్యాస్ టాబ్లెట్ పాంటోప్రజోల్‌ని మూడేళ్ళు రోజూ వేసుకుంటారు, అదీ బీ12ని తగ్గిస్తది. పైగా శాకాహారులైతే తిండిలో వచ్చేదే తక్కువ. ఇప్పుడు అరికాళ్ళల్లో మంటలు, తిమ్మిర్లు, మతిమరుపు, ఏడుపొచ్చేస్తున్నట్టు ఉండటం, దీనికి ఒకరు "షుగర్ వల్ల" అంటారు, ఇంకొకరు "వయసు", ఇంకొకరు "మనసు". ఒక్క టెస్టుతో తేలే సంగతి. అందుకే డాక్టర్ దగ్గరికి పోయేటప్పుడు వాడే టాబ్లెట్ల షీట్లన్నీ ఒక కవర్లో వేసుకుని పోండి, నోటితో చెప్తే సగం మర్చిపోతాం. ఆస్తమాకి పీల్చే సాల్బుటమాల్ దడ పుట్టిస్తది, స్టెరాయిడ్లు నిద్రనీ మూడ్‌నీ కలిపి పాడుచేస్తాయి. విటమిన్ డీ పౌడర్ ప్యాకెట్లు మాత్రం మెడికల్ షాప్‌లో అడిగి నెలల తరబడి వారం వారం తాగకండి, ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి కొత్త గొడవ. ఇంకోటి గురక. గట్టిగా గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టై ఉలిక్కిపడేవాళ్ళు ఎనిమిది గంటలు పడుకున్నా పొద్దున తల దిమ్ముగా, పగలంతా చిరాగ్గా ఉంటారు, దాన్ని స్లీప్ అప్నియా అంటారు, దానికి స్లీప్ స్టడీ ఉంది. గురక పెట్టేవాళ్ళకి ఆ సంగతి తెలీదు కాబట్టి పక్కన పడుకునేవాళ్ళే చెప్పాలి, నవ్వులాటగా తీసెయ్యకుండా.

రెండు వారాల నోట్‌బుక్

టెస్టుల్లో ఏం దొరికితే దానికి మందు వాడండి, దొరక్కపోతే ఈ పని. దొరికినా ఈ పని చెయ్యొచ్చు, ఎందుకంటే థైరాయిడ్ ఉన్నవాళ్ళకి టెన్షన్ ఉండకూడదని రూలేం లేదు. ఫోన్‌లో నోట్స్ అయినా సరే, పిల్లల పాత రఫ్ బుక్ అయినా సరే. ఎన్నింటికి ఏం అనిపించింది, దానికి గంట ముందు ఏం జరిగింది, రాత్రి ఎన్ని గంటలు నిద్ర, ఎన్ని చాయ్‌లు, భోజనం ఎప్పుడు. కారణాలు రాయొద్దు, జరిగింది మాత్రమే రాయండి. రెండు వారాల తర్వాత తీసి చదివితే కొన్ని కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, ఆదివారం సాయంత్రం మొదలై సోమవారం మధ్యాహ్నానికి తగ్గే కడుపునొప్పి, ఊరెళ్ళినప్పుడు అస్సలు రాని మెడనొప్పి, అత్తగారింటి నుంచి ఫోన్ వచ్చిన రోజే వచ్చే మైగ్రేన్. ఏమీ కనపడకపోవచ్చు కూడా, అదీ డాక్టర్‌కి పనికొచ్చే సమాచారమే.

దీంతోపాటు డిప్రెషన్ ఉందేమో చూసుకోవడానికి పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల ఫారం ఉంది, నెట్‌లో తెలుగులో కూడా దొరుకుతది, గత రెండు వారాలు ఎలా ఉన్నారో అడుగుతది, మార్కులు 0 నుంచి 27. పది, ఆపైన వస్తే డాక్టర్‌కి చూపించాలి. గమనించాల్సిందేంటంటే ఆ తొమ్మిదిలో నిద్ర, నీరసం, ఆకలి, కదలికలు నెమ్మదించడం, ఇవన్నీ ఒంటి సంగతులే, డిప్రెషన్ అంటే మూలన కూర్చుని ఏడవడమే అనుకునేవాళ్ళు అక్కడే ఆశ్చర్యపోతారు. ఏడుపు రాకుండానే, నవ్వుతూ ఆఫీసుకి వెళ్తూనే, ఒట్టి నడుంనొప్పి, నీరసం రూపంలో కూడా ఉండొచ్చు. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండు అనే ఆలోచనల గురించి. దానికి సున్నా కాకుండా ఏది వచ్చినా, మొత్తం మార్కులు ఎంతున్నా, ఆ రోజే ఒక మనిషికి చెప్పండి, లేదా 14416కి ఫోన్ చెయ్యండి. అది టెలీ మానస్, 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, ఫ్రీ, రాత్రీ పగలూ తీస్తారు, తెలుగులో మాట్లాడతారు. చావు ఆలోచన లేకపోయినా మామూలుగా నిద్ర పట్టట్లేదని కూడా చెయ్యొచ్చు.

ఒంటి వైపు నుంచి పట్టుకోవడం

ఆలోచనలు మానెయ్ అంటే ఎవరి వల్లా కాదు, ఒంటిని మాత్రం కొంచెం మన మాట వినేలా చెయ్యొచ్చు. ముందు చాయ్ లెక్క చూడండి. కెఫీన్ సగం తగ్గడానికే దాదాపు ఐదు గంటలు పడతది, అంటే సాయంత్రం ఆరింటికి ఆఫీసు కింద తాగిన ఇరానీ చాయ్ రాత్రి పదకొండుకి సగం మీ ఒంట్లోనే ఉంటది. మానెయ్యమని ఈ ఊళ్ళో చెప్తే ఎవరూ వినరు, నేనూ చెప్పను, మధ్యాహ్నం మూడు తర్వాతది ఆపి చూడండి. రక్తం తక్కువున్నవాళ్ళు భోజనం చేసిన వెంటనే చాయ్ తాగితే తిండిలోని ఐరన్ సరిగ్గా పట్టదు, గంట గ్యాప్ ఇవ్వండి. నిద్ర కోసం రెండు పెగ్గులు అనేవాళ్ళకి ఒక మాట, మందు నిద్ర తొందరగా తెప్పిస్తది కానీ తెల్లవారుజామున నిద్ర చెడగొడతది, మరుసటి రోజు ఆందోళన ఇంకాస్త పెంచుతది, ఆ రాత్రి మూడింటి మెలకువలో దాని వాటా ఎంతో నోట్‌బుక్కే చెప్తది.

నడక గురించి అందరికీ తెలుసు కాబట్టి ఎక్కువ రాయను, వారానికి 150 నిమిషాలు అని డబ్ల్యూహెచ్‌ఓ చెప్తది, కొంచెం ఆయాసం రావాలి, మాట్లాడగలగాలి. కేబీఆర్ పార్కే అవ్వాలని లేదు, ఇందిరా పార్క్, కాలనీ గ్రౌండ్, అదీ లేకపోతే మెట్రో ఒక స్టేషన్ ముందే దిగెయ్యండి. మే నెలలో ఏడు దాటితే ఎండ నడవనివ్వదు, పొద్దున్నే కానిచ్చెయ్యాలి. తేలికపాటి డిప్రెషన్‌లో నడక నిజంగా పనిచేస్తది, కానీ మంచం దిగలేని మనిషిని పట్టుకుని "వాకింగ్ చెయ్, అన్నీ పోతాయి" అనడం మాత్రం జ్వరంతో ఉన్నవాణ్ణి తిట్టడంతో సమానం.

ఊపిరి విషయంలో పెద్ద ప్రాణాయామం క్లాసులు అవసరం లేదు. నాలుగు లెక్కపెట్టేంతసేపు లోపలికి, ఆరు లెక్కపెట్టేంతసేపు బయటికి, ఐదు నిమిషాలు. బయటికి వదిలేది పొడుగ్గా ఉంటే వేగస్ నరం పనిచేసి గుండె నెమ్మదిస్తది. దీన్ని ప్రశాంతంగా ఉన్న రోజుల్లోనే అలవాటు చేసుకోవాలి, దడ మొదలయ్యాక మొదటిసారి ట్రై చేస్తే ఇది కూడా పనిచెయ్యట్లేదని ఇంకో భయం పట్టుకుంటది. గుండె అన్నీ చూపించుకుని ఇది పానికే అని డాక్టర్ తేల్చాక, అమీర్‌పేట్‌లో మెట్రో మారేటప్పుడు ఆ రద్దీలో వచ్చిందనుకోండి, వీలైనంతవరకు అక్కడి నుంచి పారిపోకండి, పక్కకి నిలబడి అది ఎక్కి దిగేదాకా ఊపిరి వదులుతూ ఉండండి. పారిపోయిన ప్రతిసారీ మెట్రో నిజంగానే ప్రమాదం అని మెదడు రాసిపెట్టుకుంటది, తర్వాత బస్సు, తర్వాత లిఫ్ట్, అలా ఇల్లు దాటడమే కష్టమైపోతది.

నైట్ షిఫ్ట్ వాళ్ళ సంగతి వేరే, హైటెక్ సిటీ నుంచి తెల్లారి క్యాబ్‌లో ఇంటికొచ్చేవాళ్ళకి పదింటికి పడుకో అనే సలహా దేనికీ పనికిరాదు. వచ్చేటప్పుడు కళ్ళకి నల్ల అద్దాలు, గదికి మందం కర్టెన్లు, ఫోన్ సైలెంట్, డెలివరీలు వాచ్‌మన్ దగ్గర. వీకెండ్‌లో పూర్తిగా పగటి మనిషిగా మారిపోకుండా కనీసం కొన్ని గంటలైనా రోజూ ఒకే టైమ్‌లో నిద్ర ఉండేలా చూసుకోండి. ఏళ్ళు గడిచినా ఒళ్ళు అలవాటు పడకపోతే అది మీ బలహీనతేం కాదు, కొందరికి పడదు, షిఫ్ట్ మార్చమని డాక్టర్ లెటర్‌తో హెచ్ఆర్‌ని అడగడంలో తప్పేం లేదు.

ఎర్రగడ్డ అనే మాటకి భయపడకుండా

ఇవన్నీ నెలరోజులు చేసినా తేడా లేకపోతే, లేదా పనికి వెళ్ళడం, తినడం, నిద్రపోవడమే కష్టమైపోతుంటే సైకియాట్రిస్ట్ దగ్గరికి పోవాలి. మనోవ్యాధికి మందు లేదు అని మన పెద్దవాళ్ళు అనేవాళ్ళు, వాళ్ళ రోజుల్లో నిజమేనేమో, ఇప్పుడు మందు ఉంది. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వేలో పెద్దవాళ్ళలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది, జబ్బుని బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందట్లేదని కూడా. ఎర్రగడ్డలో ఉన్న ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్ పేరు మీద మన ఊళ్ళో జోకులు తప్ప ఇంకోటి వినం, కానీ అక్కడ ఓపీకి వచ్చి చూపించుకుని, మందులు తీసుకుని ఇంటికి పోయేవాళ్ళు రోజూ ఉంటారు. అక్కడికి మనసొప్పకపోతే గాంధీ, ఉస్మానియా హాస్పిటల్స్‌లో కూడా సైకియాట్రీ ఉంది. సైకియాట్రిస్ట్ ఎంబీబీఎస్ చదివిన డాక్టర్, మందులు రాస్తారు, సైకాలజిస్ట్ మాట్లాడి చేసే థెరపీ ఇస్తారు, చాలాసార్లు రెండూ కలిస్తేనే బాగా పనిచేస్తది.

మందుల గురించి రెండు సంగతులు తెలిసుంటే సగం మంది మధ్యలో మానెయ్యరు. డిప్రెషన్, యాంగ్జైటీకి రాసేవి పనిచెయ్యడం మొదలవడానికే రెండు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు, మొదటి వారంలో కడుపులో వికారం, తలనొప్పి ఉండొచ్చు, చాలామందికి తగ్గిపోతాయి, తగ్గకపోయినా చిరాకు, కంగారు ముందుకన్నా పెరిగినా డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి. బాగైపోయిందని ఒక్కసారిగా ఆపెయ్యకూడదు, డాక్టర్ మెల్లగా తగ్గిస్తారు. అలవాటైపోతాయని అందరూ భయపడేది వీటి గురించే, నిజంగా అలవాటయ్యేవి మెడికల్ షాప్‌లో పరిచయం మీద అడిగి తెచ్చుకునే అల్ప్రజోలామ్ లాంటి నిద్ర టాబ్లెట్లు, వాటికి మాత్రం ఎవరూ భయపడరు! ఇన్సూరెన్స్ విషయానికొస్తే, 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం ఒంటి జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకీ కవర్ ఇవ్వాలి, మీ పాలసీలో అడ్మిషన్‌కి ఉంటది, ఓపీ ఫీజులకి చాలా పాలసీల్లో ఉండదు, ముందే అడిగి రాతలో తీసుకోండి.

ఇప్పుడు తిరగేసి చూద్దాం, ముందు ఒంటి జబ్బు వచ్చి తర్వాత మనసు కుంగినవాళ్ళు. గుండెపోటు వచ్చినవాళ్ళలో ఐదుగురిలో ఒకరికి దాకా డిప్రెషన్ వస్తది, వాళ్ళు స్టెంట్ వేయించుకుని వచ్చాక టాబ్లెట్లు సరిగ్గా వేసుకోరు, నడవరు, ఎవరితోనూ మాట్లాడరు, ఇంట్లో "మొండి" అంటారు. షుగర్ కంట్రోల్ తప్పినవాళ్ళలో కూడా ఇదే, తిండి మీద తిట్లు తప్ప ఎలా ఉన్నావని అడిగేవాళ్ళు ఉండరు. చెకప్‌కి వెళ్ళినప్పుడు మీరే చొరవ చేసి "డాక్టర్ గారూ, ఈయన నిద్రపోవట్లేదు, ఏమీ వద్దంటున్నారు, ఇదీ చూడండి" అని చెప్పండి, అడిగేదాకా ఆగితే అడగరు. బాలింతల విషయంలో ఇంకా జాగ్రత్త, కాన్పు తర్వాత డిప్రెషన్ రావచ్చు, థైరాయిడ్ తేడా కూడా రావచ్చు, రెండూ ఒకేలా కనిపిస్తాయి, కాబట్టి టీఎస్‌హెచ్ చేయించండి, ఆ పీహెచ్‌క్యూ-9 ఫారం కూడా నింపించండి, ఏదో ఒకటి చేసి ఊరుకోకండి.

పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే వాళ్ళతో ఈ మాటలు వేరేలా మాట్లాడాలి. నాన్న పోయాకో, పిల్లలు అమెరికా వెళ్ళాకో అమ్మకి మోకాళ్ళు, నడుం, కడుపు ఉబ్బరం, ఒకటి తగ్గితే ఇంకోటి. ఆవిడతో "నీది మానసికం అమ్మా" అంటే పిచ్చిదన్నారని బాధపడతది, మళ్ళీ నొప్పి గురించి చెప్పడమే మానేస్తది. "అమ్మా, కాళ్ళు లాగుతున్నాయన్నావు కదా, రాత్రుళ్ళు నిద్ర పడుతోందా, తినబుద్ధి అవుతోందా" అని అడగండి, ఒంటి మాటల్లోంచే మిగతాది బయటికొస్తది. డాక్టర్ దగ్గరికి కూడా మోకాళ్ళ కోసమే తీసుకెళ్ళండి, ఎక్స్‌రే అవసరమైతే తీయించండి, లోపలికి వెళ్ళాక నిద్ర, ఆకలి సంగతి మీరు చెప్పండి, ఆవిడ ముందే చెప్పండి, వెనకాల గుసగుసలాడితే మందు చేతిలోకొచ్చినా వేసుకోదు. మందు రాస్తే మొదటి నెల షీట్లు మీరే చూస్తూ ఉండండి, నెల తర్వాత రమ్మన్న డేట్ క్యాలెండర్ మీద ఆవిడ చేతే రాయించండి.